దిగిన ఫోటో, దక్కని కాపీ

మా ఫోటో ల్యాబ్‌లో కౌంటర్ కింద, ఎడమ చేతివైపు అరలో ఒక అట్టపెట్టె ఉండేది. దాని మీద స్కెచ్ పెన్నుతో "తీసుకెళ్ళనివి" అని రాసి ఉండేది. నేను పనిలో చేరేనాటికే ఆ అక్షరాలు సగం వెలిసిపోయాయి. లోపల ఫోటో కవర్లు పుస్తకాల్లా నిలువుగా పేర్చి ఉండేవి. రీలు ఇచ్చి, రసీదు పట్టుకెళ్ళి, మళ్ళీ రానివాళ్ళవి.

చేరిన కొత్తలో వాళ్ళంతా మర్చిపోయారనుకున్నాను. ఇష్టపడి ఫోటోలు తీసుకుని, కడగడానికిచ్చి, ఎలా మర్చిపోతారా అని ఆశ్చర్యపోయాను కూడా. మెషీన్ మీద పనిచేసే పెద్దాయన ఒకరోజు చెప్పారు: "ఎవరూ మర్చిపోరమ్మా. డబ్బులు కుదరక రారు."

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఒకతను వచ్చాడు. రసీదు చూపించి "వచ్చాయా?" అని అడిగాడు. వచ్చాయన్నాను. "ఒకసారి చూడొచ్చా?" అన్నాడు. డబ్బు కట్టకుండా కవరు విప్పకూడదని మా రూలు. పెద్దాయన నా వైపు చూసి ఇవ్వమన్నట్టు తలూపారు. ఇచ్చాను. అతను రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఫోటోల్ని అంచుల దగ్గర మాత్రమే పట్టుకుని ఒక్కొక్కటే చూశాడు. ముప్ఫై చిల్లర ఫోటోలకి పావుగంట పైనే పట్టింది. అన్నీ మళ్ళీ అదే వరసలో సర్ది, కవరు మూత మడిచి, "శనివారం వచ్చి పట్టుకెళ్తాను" అన్నాడు.

శనివారం వచ్చాడు. మళ్ళీ చూసి వెళ్ళిపోయాడు. మూడోసారి వచ్చినప్పుడు రెండు ఫోటోలకి సరిపడా డబ్బు తెచ్చాడు. ఏ రెండు అన్నది తేల్చుకోవడానికి ఇంకో పావుగంట. మొదటిది, ఒక ముసలావిడ గుమ్మంలో కూర్చున్న ఫోటో. రెండోదీ అదే గుమ్మం, అదే ముసలావిడ, కాకపోతే కళ్ళు మూసుకుపోయాయి. "అందులో కళ్ళు మూసేశారండీ, వేరేది తీసుకోండి" అన్నాను. "ఇందులో నవ్వుతోంది" అన్నాడు.

మిగతావి పెట్టెలోనే ఉండిపోయాయి.

పద్నాలుగేళ్ళు ఫోటో ల్యాబ్‌లో పనిచేశాను. మొదట కౌంటర్, తర్వాత మెషీన్. ల్యాబ్ మూతపడ్డాక ఒక స్కానర్ కొనుక్కుని, జనం దగ్గరున్న పాత ఫోటోలు, నెగటివ్‌లు డిజిటల్ చేసిస్తున్నాను. ఇన్నేళ్ళలో వేరేవాళ్ళ ఇళ్ళు, పిల్లలు, పెళ్ళిళ్ళు, చావులు నా కళ్ళ ముందు నుంచి ఎన్ని వేలు వెళ్ళాయో లెక్కలేదు. ఎవరింట్లో ఏముంది, ఏం లేదు అన్నది ఫోటోలో ఉన్న వస్తువులు చూసి చెప్పేయొచ్చని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం ఆ సంగతి రీలు చూస్తే తెలిసేది. ఎన్ని రోజుల్లో అయిపోయింది, ఎన్ని ప్రింట్లు వేయించారు, ఏవి వద్దన్నారు. మనిషి చేతిలో డబ్బుందో లేదో అక్కడ కనబడినంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడదని నా నమ్మకం.

మామూలు కలర్ రీలు కడిగే పద్ధతి ఎక్కడైనా ఒకటే. సీ-41 అంటారు. డెవలపర్ అనే రసాయనంలో 37.8 డిగ్రీల దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు, ఆ తర్వాత మిగతా రసాయనాల్లో స్నానాలు. ఒక ప్లాస్టిక్ లీడర్ కార్డుకి రెండు రీళ్ళు పక్కపక్కనే అంటించి మెషీన్‌లోకి పంపేవాళ్ళం. ఆ రెండూ జంటగా మునిగి, జంటగా ఆరి, అటువైపు నుంచి జంటగా బయటికొచ్చేవి. ఒకసారి అలా వచ్చిన జంట నాకిప్పటికీ గుర్తుంది. ఒక రీలులో 36 ఫ్రేములూ ఒకే సాయంత్రం జరిగిన పుట్టినరోజు పార్టీ. బెలూన్ల ఫోటోలే ఏడు. పక్క రీలులో మొదటి ఫ్రేములో ఒకామె నిండు గర్భిణి. పదో ఫ్రేము దగ్గర ఒళ్ళో పసికందు. ఇరవై దాటాక ఆ పాప గోడ పట్టుకుని నిలబడింది. చివరి ఫ్రేముల్లో తమ్ముడో చెల్లో, ఇంకో పసిబిడ్డ. ఒక్క రీలు, దగ్గరదగ్గర మూడేళ్ళ కాపురం.

అన్నేళ్ళు కెమెరాలోనే ఉండిపోయిన రీలు మీద మొదట్లో తీసిన ఫ్రేములు దెబ్బతింటాయి. వెలుతురు తాకి ఫిల్ములో పడిన ఆ కనబడని బొమ్మ కడిగేదాకా నిలకడగా ఉండదు. కాలం గడిచేకొద్దీ పలచబడుతుంది, రంగులు తిరుగుతాయి. అందుకే ఆ గర్భిణి ఫోటో మసకగా, ఒకలాంటి ఊదారంగులోకి పోయింది. చివరి ఫోటోలు మాత్రం మెరిసిపోతున్నాయి. ప్రింటింగ్ మెషీన్ మీద రంగు బటన్లు ఎన్నిసార్లు నొక్కినా ఆ మొదటి ఫోటోకి పూర్తి ప్రాణం రాలేదు. రీలు నిండేదాకా ఆగాలని వాళ్ళు చేసుకున్న నిర్ణయం ఆవిడ ముఖం మీద రంగై కూర్చుంది. ఆ రీలుకి ప్రింట్ల డబ్బు మేం తీసుకోలేదు. పెద్దాయన తన లెక్కలో వేసుకున్నారు.

రీలు కడగడానికయ్యే ఖర్చు తక్కువే. ప్రింట్ల దగ్గరే బరువు. అందుకని చాలామంది "కడిగి మాత్రం ఇవ్వండి, ప్రింట్లు తర్వాత చెప్తాం" అనేవాళ్ళు. నాలుగేసి ఫ్రేముల ముక్కలుగా కత్తిరించిన నెగటివ్‌ని ట్యూబ్‌లైటు కిందికి తీసుకెళ్ళి, తలెత్తి, ఒక కన్ను మూసి చూసేవాళ్ళు. నెగటివ్ చదవడం తేలికైన పని కాదు. మొత్తం నారింజ రంగు పొర. అందులో జుట్టు తెల్లగా ఉంటుంది, నవ్వితే పళ్ళు నల్లగా ఉంటాయి. తెలిసిన ముఖం కూడా తెలియదు. అయినా అలవాటైనవాళ్ళు ఇట్టే చదివేసేవాళ్ళు. "ఇందులో అత్త కళ్ళు మూసింది, ఇది వద్దు. ఇది కదిలిపోయింది, వద్దు. ఇందులో అందరూ ఉన్నారు, ఇది రెండు కాపీలు." ఒక తల్లి అయితే పిల్లవాడి నెగటివ్ పట్టుకుని, తెల్లటి జుట్టూ నల్లటి పళ్ళూ ఉన్న ఆ బొమ్మని చూసి "ఎంత బావున్నాడో" అంది. ప్రింటు వేయించలేదు. నెగటివ్‌ని మాత్రం రుమాల్లో చుట్టుకుని తీసుకెళ్ళింది. ఆ రుమాలు మడత పెట్టిన తీరు చూసి, ఆ పిల్లవాడి ఫోటో ఏదో ఒకనాడు కాగితం మీదికి వస్తుందని అనుకున్నాను. వచ్చే ఉంటుందనే ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఇంకో రకం వాళ్ళు కెమెరా తెలిసినవాళ్ళు. రీలు డబ్బా మీద 36 ఫోటోలని రాసున్నా 37 తీస్తారు, ఓపికుంటే 38. రీలు ఎక్కించేటప్పుడు మొదట్లో రెండు మూడు ఫ్రేముల ఫిల్ము వెలుతురు తగిలి పాడవుతుంది. చీకటి గదిలోనో దుప్పటి కిందో చేతులు పెట్టి ఎక్కిస్తే ఆ ఫిల్ము కూడా మిగులుతుంది. పగటి వెలుతురులో ఎక్కించి, లెక్క చూసుకోకుండా వెంటనే తీసేస్తే మొదటి ఫోటో సగం కాలిపోతుంది. ఒకవైపు ఎర్రగా మండి, ఆ మంట అంచు నుంచి మనిషి బయటికొస్తున్నట్టు ఉంటుంది. డబ్బున్నవాళ్ళు "అది పాడైంది, వేయకండి" అనేవాళ్ళు. లేనివాళ్ళు "అది కూడా వెయ్యండి, సగమైనా ఉంది కదా" అనేవాళ్ళు. ఈ మధ్య స్కానింగ్‌కి వచ్చిన ఒక ఆల్బంలో మొదటి పేజీలో ఉన్నది అలాంటి సగం ఫోటోనే. మంట వైపు ఎవరున్నారని అడిగితే వాళ్ళ తాతగారట. ఆయన మోచెయ్యి మాత్రం మిగిలింది. ఆయనవి ఇంకేమీ లేవు.

ఈ పొదుపు లెక్కని బుర్రలో పెట్టుకుని కెమెరానే తయారుచేసినవాళ్ళున్నారు. జపాన్‌లో ఒలింపస్ కంపెనీ 1959లో పెన్ అనే చిన్న కెమెరా తెచ్చింది. యోషిహిసా మైతాని అనే కుర్ర ఇంజనీరు దాన్ని గీశాడు. మామూలు ఫ్రేములో సగం మీదే ఫోటో పడుతుంది కాబట్టి 36 రీలులో 72 వస్తాయి. ఫిల్ము ఖరీదైన రోజుల్లో అది ఎన్ని ఇళ్ళలో ఎన్ని ముఖాల్ని నిలబెట్టిందో తలచుకుంటే నాకు ఆ ఇంజనీరు మీద ప్రేమ పొంగుకొస్తుంది. గొప్ప లెన్సుల గురించి రాసేవాళ్ళు బోలెడుమంది. ఒక్క రీలులో రెండు రీళ్ళ ఫోటోలు ఇరికించినవాడి గురించి కూడా ఎవరో ఒకరు రాయాలి.

అసలు ఫోటో చరిత్రంతా ఇదే పోరు. 1839లో డాగెరోటైపు అనే తొలినాటి ఫోటో పద్ధతి ప్రపంచానికి తెలిసినప్పుడు అది వెండిపూత పూసిన రాగి రేకు. ఒక్కటే వచ్చేది, కాపీ లేదు. కలిగినవాళ్ళ వస్తువు. 1854లో పారిస్‌లో డిస్డేరి అనే ఆయన ఒకే ప్లేటు మీద చాలా చిన్న ఫోటోలు పడేలా చేసి పేటెంట్ తీసుకున్నాడు. ఒక ప్లేటు ఖర్చు వాటన్నిటికీ పంచుకుంటే మధ్యతరగతి ఇంటికి కూడా ఫోటో అందింది. అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో తెచ్చిన మొదటి కోడక్ 25 డాలర్లు. అందులో వంద ఫోటోలకి సరిపడా రీలు ముందే ఎక్కించి ఇచ్చేవాళ్ళు. అయిపోగానే కెమెరాని కెమెరాగా ఫ్యాక్టరీకి పంపాలి. పన్నెండేళ్ళకి, 1900లో, అదే కంపెనీ పిల్లల కోసమంటూ బ్రౌనీ తెచ్చింది. అట్టతో చేసిన పెట్టె, ఒక్క డాలరు. ఆరు ఫోటోల రీలు 15 సెంట్లు.

అక్కడ జరిగిన మార్పు గమనించండి. కెమెరా చవకైంది. ఖర్చు మాత్రం మాయమైపోలేదు, ముందుకి జరిగింది. రీలు దగ్గర కొంత, కడగడం దగ్గర కొంత, ప్రింటు దగ్గర కొంత. కొనేటప్పుడు ఒకసారి తెగించి కొనేయొచ్చు. ఆ తర్వాత వేలు నొక్కిన ప్రతిసారీ గుండె గుబుక్కుమంటుంది. ఫిల్ములో ఉండేది వెండి కాబట్టి 1980 మొదట్లో వెండి ధర ఆకాశానికి అంటినప్పుడు ఫిల్ము ధరలు కూడా దానితోపాటే ఎక్కాయి. ఎక్కడో పెద్దవాళ్ళు వెండి పోగుచేసుకుంటే, ఇంకెక్కడో ఒక ఇంట్లో ఒక పిల్ల మూడో ఏటి ఫోటో తీయడం ఆగిపోయింది. అలా ఆగిన ఫోటోలకి ఆల్బంలో ఖాళీలు కూడా ఉండవు. పేజీ తిప్పగానే పిల్ల పెద్దదైపోతుంది, అంతే.

మా అట్టపెట్టె గుర్తొచ్చినప్పుడల్లా నాకు వివియన్ మేయర్ గుర్తొస్తుంది. ఇప్పుడు ప్రపంచమంతా మెచ్చుకునే ఫోటోగ్రాఫర్ ఆవిడ. దాదాపు నలభై ఏళ్ళు, ఎక్కువగా షికాగోలో, వాళ్ళింట్లో వీళ్ళింట్లో పిల్లల్ని చూసుకునే ఆయాగా పనిచేసింది. లక్షకి పైగా ఫోటోలు తీసింది. వాటిలో వందల రీళ్ళు కడిగించనే లేదు. తన సామాను పెట్టుకున్న అద్దె గోదాముకి అద్దె కట్టలేకపోతే 2007లో అందులో ఉన్నవి వేలానికి పోయాయి. ఆ పెట్టెలు కొన్నవాళ్ళు తెరిచి చూశాక గానీ లోకానికి ఆమె తెలియలేదు. 2009లో కన్నుమూసింది. పేరొచ్చేనాటికి మనిషి లేదు. ఆవిడ కథని అందరూ రహస్యం, మిస్టరీ అంటూ రాస్తారు. నాకు అందులో మిస్టరీ కనబడదు. ఫిల్ము కొనడం ఒక ఖర్చు, కడిగించడం రెండో ఖర్చు, ప్రింటు మూడోది, దాచుకోవడానికి చోటు నాలుగోది. జీతం మొదటి దానికే అయిపోయే మనిషి మిగతావి రేపటికి వాయిదా వేస్తుంది. మా కౌంటర్ దగ్గర అలాంటి ఆవిడల్ని, అలాంటి ఆయనల్ని రోజూ చూశాను. వాళ్ళలో ఎవరి కవరులో ఏ గొప్ప ఫోటో ఉండిపోయిందో.

ఫోటోల్లో వస్తువుల గురించి ఒక్క మాట. కొత్త ఫ్రిజ్ పక్కన, కొత్త టీవీ పక్కన, స్కూటర్ హ్యాండిల్ మీద చెయ్యేసి, టెలిఫోన్ రిసీవర్ చెవికి పెట్టుకుని దిగిన ఫోటోలు ప్రతి ఆల్బంలో ఉంటాయి. ఇప్పటి పిల్లలు అవి చూసి నవ్వుతుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. ఆ ఫోటో కోసం ఆ మనిషి ఎన్నాళ్ళు కూడబెట్టాడో ఆ ఫోటోలోనే రాసుంది, చూసే కన్నుండాలి. అది కష్టార్జితానికి రసీదు. స్టూడియోలో అద్దెకిచ్చే కోటు వేసుకుని, స్టూడియోవాళ్ళ వాచీ పెట్టుకుని దిగిన ఫోటోలు కూడా నా దగ్గరికి వస్తాయి. ఒకే స్టూడియోలో దిగిన ఎనిమిదిమంది మణికట్టు మీద ఒకే వాచీని చూశాను. స్కానర్‌లో పెద్దది చేసి చూస్తే అన్నిట్లోనూ ముళ్ళు ఒకే టైము చూపిస్తున్నాయి. ఆ వాచీ నడవదు. కానీ ఎనిమిదిమందీ మోచెయ్యి కొంచెం ముందుకి పెట్టి, అది కనబడేలా నిలబడ్డారు. వాళ్ళని చూస్తే నాకు గౌరవం తప్ప ఇంకేమీ కలగదు. తనని ఎలా గుర్తుపెట్టుకోవాలో చెప్పే హక్కు ఎవరికైనా ఉంటుంది కదా.

ఇప్పుడు ఫోన్లొచ్చాయి, లెక్క పోయింది అంటారు. పూర్తిగా పోలేదు. ఫోన్ నుంచి ప్రింట్లు వేయించుకోవడానికి వచ్చేవాళ్ళ గ్యాలరీలు చూస్తుంటాను. తక్కువ స్టోరేజ్ ఉన్న ఫోన్ పట్టుకున్నవాళ్ళు ఇప్పటికీ నెగటివ్ చూసినట్టే చూస్తారు. ఇది ఉంచాలి, ఇది తీసేయాలి. కొత్త ఫోటో తీయాలంటే పాతదొకటి చెరపాలి. ఒక కుర్రాడు నా ముందే చెల్లెలి పుట్టినరోజు వీడియో చెరిపి, సర్టిఫికెట్ల ఫోటోలకి చోటు చేసుకున్నాడు. చెరిపేముందు ఒకసారి మొత్తం చూశాడు.

ఇంకొకటి. కొనలేని వస్తువు ఫోటోగా ఫోన్‌లో ఉంటుంది. షాపు అద్దం వెనకున్న కుట్టుమిషన్. ధర చీటీ కనబడేలా తీసిన సైకిలు. ఒకమ్మాయి ఫోన్‌లో ఒక పాఠ్యపుస్తకం మొత్తం ఉంది, వరసగా రెండొందల ఫోటోలు. ప్రతి పేజీ కింద మూల మీద ఎవరిదో బొటనవేలు. పుస్తకం మూసుకుపోకుండా స్నేహితురాలు పట్టుకుందట. ఒక్క రాత్రికే అడిగి తెచ్చుకున్నారట. మధ్యలో ఎక్కడో కరెంటు పోయినట్టుంది, నలభై పేజీలు టార్చి వెలుగులో ఉన్నాయి. ఫోటో అంటే జ్ఞాపకం అని అందరం అనేస్తుంటాం. ఆ పిల్లకి ఫోటో అంటే పుస్తకం. ఆ బొటనవేళ్ళతో సహా ప్రింట్లు తీసి, స్పైరల్ వేసిచ్చాను.

ఆరు నెలల కిందట ఒకావిడ చచ్చిపోయిన ఫోన్ పట్టుకొచ్చింది. నీళ్ళలో పడిందట. అందులో వాళ్ళ నాన్నగారి చివరి నెల ఫోటోలున్నాయి. ఉచితంగా ఇచ్చే ఆన్‌లైన్ స్టోరేజ్ ఎప్పుడో నిండిపోయింది, ఆ తర్వాత తీసినవేవీ పైకి ఎక్కలేదు. నేను ఫోన్లు బాగుచేయను. తెలిసిన టెక్నీషియన్‌కి చూపించాను. ఈ కాలం ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఆ ఫోన్ మాత్రమే విప్పగలిగే గుప్తలిపిలో ఉంటుంది, మెమరీ చిప్ ఊడదీసి వేరేచోట పెట్టి చదవడం కుదరదు, ఆ బోర్డునే మళ్ళీ బతికించాలి, బతికే నమ్మకం సగమే అన్నాడు. ఎంతవుతుందో చెప్పాడు. ఆవిడ ఫోన్ కొన్న ధర కంటే ఎక్కువ.

ఆవిడతో చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగింది: "ఒక్క ఫోటోనే తీస్తే ఎంతవుతుందక్కా?"

ప్రింట్లకి లెక్క అలా ఉండేది. ఒక్కటే కావాలంటే ఒక్కదానికే కట్టొచ్చు. రెండు ఫోటోలు కొనుక్కుని మిగతావి పెట్టెలో వదిలేసి వెళ్ళిపోవచ్చు. ఇక్కడ అలా కాదు, వస్తే అన్నీ వస్తాయి, లేకపోతే ఏదీ రాదు. ఈ మాట ఆవిడకి చెప్పడానికి నాకు గొంతు రాలేదు. ఆవిడ "ఆలోచించుకుని వస్తా, ఇక్కడే ఉంచండి" అని వెళ్ళింది. ఫోన్ ఇంకా నా బల్ల సొరుగులోనే ఉంది, చిన్న జిప్ కవరులో, మీద ఆవిడ పేరు రాసి.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం మా అమ్మ.

మా అమ్మకి పెళ్ళికి ముందు ఫోటో లేదు. చిన్నప్పుడు నేను అడిగినప్పుడల్లా "ఒకటి దిగాను, కాపీ తీసుకోలేదు" అనేది. అక్కడితో ఆ మాట అయిపోయేది. స్కూల్లో చివరి ఏడాది గ్రూప్ ఫోటో అది. అందరూ దిగారు, డబ్బు కట్టినవాళ్ళకి కాపీ ఇచ్చారు. ల్యాబ్‌లో పద్నాలుగేళ్ళు పనిచేసి, ఊరందరి కవర్లూ సర్దిన నాకు, మా అమ్మ కూడా ఆ పెట్టెలో మిగిలిపోయిన మనిషేనని ఎప్పుడూ తట్టలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది. ముందే వెతికి ఉండాల్సింది.

పోయిన నెల అమ్మ పాత క్లాస్‌మేట్ ఒకావిడ ఫోన్‌లో దొరికింది. ఆవిడింట్లో ఆ ఫోటో ఫ్రేము కట్టించి గోడకి ఉందట. వాళ్ళమ్మాయి వెంటనే ఫోన్‌తో తీసి పంపింది. మొత్తం నలభైమంది. ఫ్లాష్ వెలుగు అద్దం మీద పడి తెల్లటి గుండ్రటి మచ్చ. ఆ మచ్చ సరిగ్గా మూడో వరస కుడి వైపున ఉంది. అమ్మ వేలు పెట్టి చూపించింది: "నేను ఇక్కడ."

ఫ్రేము విప్పమని అడగడానికి లేదు. ఏళ్ళ తరబడి చెమ్మకి ఫోటో మీదున్న జిలాటిన్ పొర అద్దానికి అతుక్కుపోతుంది. లాగితే ముఖాలు అద్దంతోపాటే ఊడొస్తాయి. అది ఆ అమ్మాయికి ముందే గట్టిగా చెప్పాను. ఫ్లాష్ ఆపెయ్యమ్మా అన్నాను. గోడ మీద నుంచి దించి, కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా బల్ల మీద పడుకోబెట్టు. నువ్వు పైనుంచి తీసేటప్పుడు నీ నీడ, నీ చొక్కా రంగు అద్దంలో పడకుండా ఒక నల్లగుడ్డకి ఫోన్ కెమెరా పట్టేంత చిల్లు పెట్టి, ఆ గుడ్డ వెనక నుంచి తియ్యి. పాపం ఆ అమ్మాయి విసుక్కోలేదు. ఆరుసార్లు తీసింది. ఆరోది పూర్తిగా శుభ్రంగా వచ్చింది.

నా కంప్యూటర్‌లో పెద్దది చేసి అమ్మని కూర్చోబెట్టాను. మూడో వరస చివర, ముందున్న పిల్ల భుజం వెనక, రెండు జడలతో సగం ముఖం. నా కూతురి కళ్ళు. నేను నోట మాట రాక చూస్తున్నాను. అమ్మ మాత్రం తన ముఖం వైపు ఎక్కువసేపు చూడలేదు. స్క్రీన్ కిందికి జరపమంది. ముందు వరసలో కుర్చీల్లో కూర్చున్న పిల్లల కాళ్ళు. అందరికీ బూట్లు, తెల్ల సాక్సులు.

"ముందు రమ్మన్నారు నన్ను. పొట్టిగా ఉన్నాను కదా" అంది అమ్మ. "కాళ్ళకి ఏమీ లేవని నేనే వెనక్కి పోయాను."

రెండో వరసలో నిలబడ్డవాళ్ళ కాళ్ళు కుర్చీల సందుల్లోంచి కొంచెం కొంచెం కనబడుతున్నాయి. మూడో వరస కాళ్ళు ఏమాత్రం కనబడవు. పదిహేనేళ్ళు కూడా నిండని పిల్ల ఆ లెక్కంతా అప్పటికప్పుడు వేసుకుని, సరైన చోటు వెతుక్కుని నిలబడింది. కెమెరా ఎక్కడిదాకా చూస్తుందో ఆ స్టూడియో ఆయనకి ఎంత తెలుసో ఆమెకీ అంతే తెలుసు.

మచ్చలు తీసి, గీతలు సరిచేసి, మంచి మ్యాట్ పేపరు మీద పెద్దదిగా ప్రింట్ వేశాను. అమ్మ రెండు చేతుల్తో అంచులు పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. చాలాసేపు చూసింది. ఫ్రేము కట్టిస్తానన్నాను. సరేనంది. తర్వాత తన పక్కన నిలబడిన పిల్ల మీద వేలు పెట్టింది. ఆ పిల్ల ముఖం కూడా సగమే ఉంది.

"ఇది కూడా కొనలేదే" అంది. "దీనికీ ఒక కాపీ తియ్యి. ఎక్కడుందో కనుక్కుందాం."